ఆనంద్ పాల్ గారి సాక్షులు

పెదపాడు దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు కూలింగ్ మిషన్లు బాగుచేసిన ఆనంద్ పాల్ తమ దగ్గర ఎప్పుడూ పని చెయ్యలేదని ఆ ఫ్యాక్టరీ వాళ్ళే రాసిచ్చారు. ఆయన్ని అక్కడికి పంపిన ఏజెన్సీ వాళ్ళు కొంచెం దయగలవాళ్ళు. పని చేశాడు గానీ మా ఉద్యోగి కాడు, స్వతంత్ర కాంట్రాక్టరు అని రాశారు. బాత్‌రూముకి వెళ్ళాలన్నా సూపర్‌వైజర్‌ని అడిగి వెళ్ళే మనిషి కాగితం మీద సొంత వ్యాపారస్తుడైపోయాడు. కెనడా వెళ్ళి స్థిరపడదామని ఆయన దరఖాస్తు పెడితే, అక్కడివాళ్ళు ఈ రెండు కాగితాలూ చదివి, అనుభవానికి రుజువు లేదని తిప్పి పంపారు. అప్పటికి ఆయనకి నలభై అయిదు నిండాయి. ఇక కెనడా వాళ్ళు వయసుకిచ్చే మార్కులు సున్నా. అక్కడి చలికి అలవాటు పడాలని రోజూ అన్నం తిన్నాక మైనస్ పద్దెనిమిది డిగ్రీల గదిలో పావుగంట నిలబడేవాడు. ఆ సాధనంతా వృథా అయింది.

దరఖాస్తు తిరిగొచ్చిన మర్నాటి నుంచి ఆనంద్ పాల్ సాక్షి లేకుండా ఒక్క పనీ చెయ్యలేదు.

భీమడోలు స్టేషన్లో టీ తాగి, పక్కనున్న పెద్దమనిషిని అడిగాడు.

“ఏవండీ, నేను టీ తాగడం మీరు చూశారు కదండీ?”

“చూశానండీ. ఏం, అందులో ఏమన్నా పడిందా?”

“లేదండీ. మీ పేరు?”

“నాగభూషణరావండీ. ఎందుకండీ?”

“రేపెవరైనా నేను తాగలేదంటే మీరున్నారు కదా అని.”

నాగభూషణరావు గారు తన టీ సగంలో వదిలేసి, వచ్చిన రైలెక్కేశాడు. అది ఆయన ఎక్కాల్సిన రైలు కాదు.

ఇంట్లో భార్య కుసుమకీ తప్పలేదు.

“కుసుమా, బిందె నింపాను. చూశావా?”

“చూశాను. సగమే నింపారు. అదీ చూశాను.”

చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఈయన పక్కవాడి మోచెయ్యి తట్టి, “నేనొచ్చాను, చూశారుగా” అనేవాడు. విశ్వాసం పాస్టరు గారు పిలిచి మెల్లగా మందలించారు.

“పాల్ గారూ, మనం చేసేవన్నీ పైన ప్రభువు చూస్తూనే ఉంటాడండీ.”

“చూస్తాడండీ, కాదన్ను. కానీ లెటర్‌హెడ్ మీద రాసివ్వడు కదండీ.”

పాస్టరు గారికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

ఈ పిచ్చికి ఇంకో వైపుంది. తనని చూడమనడమే కాదు, తనూ జనాన్ని చూసేవాడు. అది హెప్సిబా ప్రాణానికొచ్చింది. హెప్సిబా అదే ఏజెన్సీ తరఫున, అదే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో, రొయ్యల్లో మందులు మిగిలాయేమో పరీక్ష చేసేది. ఇంకా అక్కడే మిషన్లు బాగుచేస్తున్న ఆనంద్ పాల్ రోజూ పదింటికోసారి, మూడింటికోసారి గమ్‌బూట్లతో వచ్చి అద్దం బయట నిలబడేవాడు.

“ఏం కావాలి బాబాయ్?”

“ఏం వద్దమ్మా, చూస్తున్నాను. ఆ మిషను పేరేంటి?”

“నిన్న చెప్పాను కదండీ!”

“ఇవాళా అదే పేరా?”

పక్క టేబుల్ దగ్గర ఇందు పగలబడి నవ్వేది. “నీ సీసీ కెమెరా వచ్చిందే హెప్సీ, తల దువ్వుకో.”

ఒకరోజు ఒళ్ళు మండి హెప్సిబా అద్దానికి పేపరు అంటించింది. ఆయన తలుపు దగ్గరికొచ్చి చూశాడు.

ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళకి హెప్సిబా కూడా కెనడాకి దరఖాస్తు పెట్టింది. రోజూ గుడ్‌మార్నింగ్ చెప్పే ఆఫీసు అమ్మాయే కంప్యూటర్ చూసి, “మీరు మా ఉద్యోగుల రోల్స్‌లో లేరండీ” అంది. ఏజెన్సీ వాళ్ళు స్వతంత్ర కాంట్రాక్టరని ప్రింటు తీసిచ్చారు. అది ఆనంద్ పాల్‌కిచ్చిన కాగితమే. పేరు మార్చారు, తారీఖు మార్చడం మర్చిపోయారు.

ల్యాబ్ పెద్ద శ్రీకర్‌ది పర్మినెంటు ఉద్యోగం. “నువ్విక్కడ పనిచేశావని నేను సంతకం పెడితే రేపు నన్నూ మీ ఏజెన్సీలో చేరమంటారమ్మా” అన్నాడు. ఇందు చేరి ఏడాదే అయింది.

“కలిసి పనిచేసినవాళ్ళు నోటరీ ముందు ప్రమాణం చేసి రాసిస్తే, జీతం పడిన బ్యాంకు కాగితాలతో కలిపి పంపుదాం. ఒప్పుకుంటారని మాటివ్వలేను” అన్నాడు ఏలూరులో వీసా కన్సల్టెంటు. “ఏ ఏడు ఏం పని చేశావో వివరంగా ఉండాలి. మంచి పిల్ల అని రాస్తే కుదరదు. గడువు వారమే.”

హెప్సిబా తల దించుకుని ఆనంద్ పాల్ దగ్గరికెళ్ళింది. అడగడం పూర్తికాకముందే ఆయన చేతులు కడుక్కుని బయల్దేరాడు.

నోటరీ ఆఫీసులో రత్నమాణిక్యం గారు టైపు చెయ్యడానికి కూర్చుంది. ఆనంద్ పాల్ కాగితం ముక్కయినా చూసుకోకుండా మొదలెట్టాడు. ఫలానా జూన్‌లో చేరింది. ఎవరిదో కోటు, చేతులు రెండు మడతలు పెట్టుకుంది. మొదటి ఏడు శాంపిళ్ళు తూచడం. రెండో ఏడు పెద్ద మిషను. దాని పేరు ఎక్కడా తడబడకుండా చెప్పాడు. నాలుగో ఏడు సరుకులో మందు దొరికితే, మేనేజరు అరిచినా రిపోర్టు మార్చలేదు.

“నెమ్మదిగా చెప్పండి బాబూ, వేళ్ళు నొప్పెడుతున్నాయి” అంది రత్నమాణిక్యం గారు.

“ఇవన్నీ ఎలా గుర్తున్నాయి బాబాయ్?”

“నీ ఒక్కదానివేనేంటమ్మా? ప్యాకింగ్ దుర్గాదేవి గురించి చెప్పమంటావా? ఐసు మోసే వీరాస్వామి గురించి?”

హెప్సిబా కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆ కాగితం నిజమేనా అని కెనడా వాళ్ళ నుంచి ఏజెన్సీకి ఫోనొచ్చింది. వాళ్ళు ఆనంద్ పాల్‌ని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. ఉద్యోగి అయితే కదా తీసెయ్యడానికి! ఒక పొద్దున గేటు దగ్గర ఆయన కార్డు పనిచెయ్యలేదు, అంతే. హెప్సిబాని మాత్రం ఉంచారు. ఆ మిషను ఇంకెవరికీ రాదు మరి. పదింటికీ మూడింటికీ ఆమె తలెత్తి చూసేది. అద్దం బయట ఎవరూ ఉండేవారు కాదు.

ఎనిమిది నెలలకి వీసా వచ్చింది. ఆనంద్ పాల్‌కి చెప్పడానికి హెప్సిబా తాడేపల్లిగూడెంలో వాళ్ళింటికి వెళ్ళింది. ఇంటి ముందు రేకుల షెడ్డులో ఆయన ఎవరిదో పాత ఫ్రిజ్ వెనక కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు.

“మీ ఉద్యోగం నా వల్లే కదా బాబాయ్ పోయింది.”

“ఉద్యోగమే లేదని వాళ్ళే రాసిచ్చారు కదమ్మా. లేంది ఎలా పోద్ది?”

కుసుమ లోపల్నుంచి మడత విప్పని స్వెట్టరొకటి తెచ్చి హెప్సిబా చేతిలో పెట్టింది. “మీ బాబాయ్ కోసం కొన్నాం. నీకు వదులవుద్ది. పర్లేదు, లోపల ఇంకోటి వేసుకోవచ్చు.”

ఆనంద్ పాల్ బస్సు దాకా వచ్చాడు. బస్సు కదులుతుంటే కిటికీ పట్టుకుని నాలుగడుగులు నడిచాడు.

“అక్కడా ల్యాబ్ నేల తుడిచేవాళ్ళు ఏజెన్సీ మనుషులే అయ్యుంటారమ్మా. వెళ్ళగానే పేర్లడుగు. రోజూ ఓసారి, ఏం చేస్తున్నారో చూస్తూ ఉండు. విసుక్కుంటారనుకో. నువ్వు విసుక్కోలేదా?”