ఫిట్టరన్న నేర్పిన నాలుగు తీగలు

మంగళవారం పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే వదిన ఫోన్ చేసింది. "చెల్లె, మీ అన్న పోయిండు" అన్నది. ఎప్పుడని అడిగాను. "ఇప్పుడే. చాయ్ తాగుతనన్నడు. నేను ఫ్లాస్కు మూత తీస్తున్న. గంతలనే." బడికి సెలవు చెప్పి దవాఖానకు ఆటో ఎక్కాను.

వాళ్ళు నాకు చుట్టాలు కారు. గోదావరిఖనిలో మా క్వార్టరుకు ఎదురు వరుసలో వాళ్ళది. ఆయన భూగర్భ గనిలో పంపుల ఫిట్టరు. గనిలో ఊరే నీళ్ళను పైకి తోడే మోటార్లు ఆగిపోకుండా చూసుకోవడం ఆయన పని. రిటైరయ్యాక కూడా కాలనీలో అందరికీ ఫిట్టరన్నే. డ్యూటీ లేని రోజుల్లో మా ఆర్కెస్ట్రాలో బేసు గిటారు వాయించేవాడు. నేను అదే ఆర్కెస్ట్రాలో పాడేదాన్ని.

బేసు గిటారు మీలో చాలామంది చూసే ఉంటారు, పట్టించుకుని ఉండరు. మామూలు గిటారు కంటే పొడవు మెడ, నాలుగే తీగలు, అవీ లావైనవి. అది పాట వరసను వాయించదు. పాట కిందుగా నడుస్తుంది. పెళ్ళిలో భోజనం చేస్తూ పాట వినేవాడికి గాయని తెలుస్తుంది, డోలకు తెలుస్తుంది, బేసు తెలియదు. ఈ మాట ఒకసారి ఆయనతో అంటే, "మోటరు నడుస్తుందని గన్ల ఎవ్వనికి యాదికుంటది చెల్లె? ఆగితేనే యాదికొస్తది. ఇది గూడ గంతే" అన్నాడు.

ఆయన పాత గిటారు మెడ మెలిదిరిగినప్పుడు కొత్తది కొనడానికి కరీంనగర్ వెళ్ళాం. ఆయన, నేను, మా ఆర్కెస్ట్రా నడిపే కీబోర్డు మాస్టారు. దుకాణం అతను అద్దంలా మెరిసే నల్ల గిటారు తీసి చూపించాడు. ఫిట్టరన్న దాన్ని పక్కన పెట్టి, మూలన ఉన్న మబ్బు రంగుది అడిగాడు. "అది నేర్చుకునేటోళ్ళకు సార్, తక్కువ ధరది" అన్నాడు అతను. ఫిట్టరన్న వినిపించుకోలేదు. గిటారును ఎత్తి, అడుగు వైపు నుంచి తల వైపుకు ఒంటికన్నుతో చూశాడు, పైపులైను వరస చూసినట్టు. మెడ అంచు వెంట అరచెయ్యి జరిపి, మెడకు అడ్డంగా బిగించిన లోహపు మెట్ల కొసలు గీసుకుంటున్నాయా అని చూశాడు. తర్వాత ప్రతి తీగనూ ప్రతి మెట్టు దగ్గరా నొక్కి మోగించాడు. ఎక్కడైనా స్వరం బరబరమంటుందా, పుట్టీ పుట్టగానే చచ్చిపోతుందా అని. ఈలోగా దుకాణం అతను టిఫిన్ బాక్సు విప్పి తిని, చెయ్యి కడుక్కుని వచ్చాడు.

చివర్లో ఆయన గిటారు పైకొమ్ముకు దవడ ఆనించి, కళ్ళు మూసుకుని ఒక్కో తీగ మీటాడు. వాసన చూస్తున్నాడేమో అనుకున్నాను.

"మెడ సక్కగున్నది. ఇది జాలు" అన్నాడు. బస్సులో వస్తూ నాకు చెప్పాడు. "తక్కువ ధరదాంట్ల అన్ని మంచిగుండయి. తీగలు మార్చుకోవచ్చు, వైర్లు అతుక్కోవచ్చు, మెట్లు ఆకురాయితోని నున్నగ జేసుకోవచ్చు. మెడ ఖరాబుంటె మాత్రం ఎవ్వడేం జెయ్యలేడు. రంగు జూసి కొంటె రంగే వస్తది." ఆ తర్వాత మంచిర్యాల దాకా ఎవరు బేసు కొనాలన్నా ఆయన్ని వెంట తీసుకుపోయేవాళ్ళు. చౌకవాటిలో మంచిదాన్ని ఏరడం ఆయనకు సరదా.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

కమ్యూనిటీ హాల్లో ఒక పదవీ విరమణ సభకు పాటలు పెట్టారు. మామూలుగా నేను వేదికకు ఒక పక్క, ఆయన ఇంకో పక్క, ఎదురెదురుగా నిలబడేవాళ్ళం. ఆ రోజు సన్మానం కుర్చీలు వేదిక నిండా వేశారు. వాద్యాల వాళ్ళందరినీ వెనక్కి జరిపారు. నేను ముందు నిలబడి పాడుతున్నాను. రెండో చరణంలో ఒక మాట దగ్గర కొంచెం ఆగి సాగదీశాను. బేసు ఆగలేదు, ముందుకెళ్ళిపోయింది. ఇంకోసారీ అట్లాగే జరిగింది. పాట అయిపోయి అందరం ఆపేశాక కూడా అది రెండు దెబ్బలు మోగింది. ముందు వరసలో ఎవరో నవ్వారు.

మరునాడు మాస్టారి దగ్గరికి వెళ్ళాను. "అన్నకు వయసైతుంది సార్. తాళం తప్పుతుండు. నా పాట ఖరాబైతుంది" అన్నాను. తర్వాతి రిహార్సల్లో మాస్టారు ఫిట్టరన్నతో, ఇకమీదట కీబోర్డు మీదే ఎడమచేత్తో బేసు భాగం సర్దుకుంటామని చెప్పాడు. "సరే సార్" అని ఫిట్టరన్న వైరు చుట్టుకుని, గిటారు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కారణం అడగలేదు.

నాలుగేళ్ళు గడిచాయి, ఆయన మళ్ళీ మాతో వాయించలేదు. ఎదురింట్లోనే ఉన్నాడు. కనిపిస్తే "తిన్నవా చెల్లె" అని అడిగేవాడు. ఆయనకు నా సంగతి తెలియదనుకున్నాను. తెలియకపోవడం నాకు సౌకర్యంగానే ఉండింది.

తర్వాత నాకు థైరాయిడ్ గడ్డ వచ్చింది. తీయకపోతే ప్రమాదమన్నారు, తీస్తే గొంతు మారే అవకాశం ఉందని కూడా ముందే చెప్పారు. మారింది. మాట్లాడితే బొంగురు, పై స్వరానికి వెళ్తే గాలి మాత్రమే. డాక్టరు ఏడాది ఆగి చూడమన్నారు. ఏడాది ఆగాను. బడిలో పాఠం చెప్పడానికి సరిపోయే గొంతు తిరిగొచ్చింది, పాడే గొంతు రాలేదు. ఆర్కెస్ట్రా వాళ్ళు పలకరించడానికి వస్తే నిద్రపోతున్నానని మా ఆయనతో చెప్పించేదాన్ని.

ఒక ఆదివారం ఫిట్టరన్న ఒక సంచి పట్టుకొచ్చాడు. ఆయనకు నిద్ర అబద్ధం చెప్పే వీలు లేకపోయింది, నేను వరండాలోనే కూర్చుని ఉన్నాను. సంచిలో ఎర్రరంగు పెచ్చులూడిన బేసు గిటారు. నస్పూర్‌లో ఎవరో కొని, నాలుగు రోజులు వాయించి అల్మారా మీద పడేశారట.

"పొట్టి మెడది. నీ చేతికి అందుతది" అన్నాడు.

"నాకెందుకన్నా?"

"నీకు పాట తెలుసు. నోటితోని పాడితేనే పాటనా? కింద పట్టుకునేటోళ్ళు గూడ కావాలె."

వద్దన్నాను. ఆయన నా మాట పట్టించుకోకుండా నేల మీద పాత చద్దరు పరిచి పని మొదలుపెట్టాడు. తుప్పు తీగలు విప్పాడు. మరునాడు కొత్త తీగలు బిగించాడు. మెడ తీగల లాగుడుకు ముందుకు వంగి ఉంది. లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుందని, తీగలు ముందుకు లాగుతుంటే అది వెనక్కి పట్టుకుంటుందని చూపించాడు. తీగను మొదటి మెట్టు దగ్గర నన్ను నొక్కమని, చివరి మెట్టు దగ్గర తాను నొక్కి, మధ్యలో తీగ కింద పెండ్లి పత్రిక అట్ట దూర్చాడు. "గీ అట్ట దూరితె సరిపాయె. చెయ్యి దూరుతుందంటె వంగినట్టు." నిజంగానే చాలా సందు ఉంది. జేబులోంచి మరలు తిప్పే ఎలెన్‌కీ తీసి కడ్డీని పావు చుట్టు తిప్పి ఆపేశాడు.

"ఇయ్యాలటికి గింతే. రేపటిదాంక ముట్టొద్దు."

"ఇంకా వంగే ఉంది గదన్నా. ఒక్కసారే తిప్పరాదు?"

"కట్టె అది. దానికి జర టైమియ్యాలె. జల్ది జేస్తె ఇరుగుతది."

అట్లా వారం రోజులు రోజూ వచ్చాడు. నేను చాయ్ పెట్టేదాన్ని. నాలుగో రోజో అయిదో రోజో, ఆయన అడుగు వైపు మరలు తిప్పుతూ తీగల ఎత్తు సరిచేస్తుంటే, నాకు కూర్చోబుద్ధి కాలేదు.

"అన్నా, అప్పుడు నిన్ను తీసెయ్యిమని సారుకు చెప్పింది నేనే" అన్నాను.

ఆయన తల ఎత్తి నా ముఖం చూశాడు. "తెలుసు" అన్నాడు.

"తెలిసి గూడ...?"

"నువ్వు చెప్పింది నిజమే గదా. తాళం తప్పిన. నాకు నీ పాట ఇనవడలే." మర తిప్పడం ఆపలేదు. "ఆ పొద్దే గాదు చెల్లె. అంతకు ముందు ఏడెనిమిదేండ్ల సంది పై సుతి నాకు ఇనవడదు. పంపుల చప్పుడుకు చెవులు పోయినయి. నీ గొంతు పైకి పోతె నాకు పెదాలు గనవడేటియి. వాటిని జూసుకుంట వాయించేటోన్ని. ఆ దినం మీరంత ముందటికి తిరిగి నిలవడ్డరు."

ఆయన నా పాటను అన్నేళ్ళూ చూస్తూ వాయించాడు. నేను ఎదురుగా నిలబడి, గమనించలేదు. దవడ ఎందుకు ఆనించేవాడో అప్పుడు అర్థమైంది. లావు తీగల మోత ఎముకలోంచి ఆయనకు అందేది.

"ఒక్కమాట చెప్తే అయిపోయేది గదన్నా. మేమే నీ దిక్కు తిరిగేటోళ్ళం" అన్నాను.

"చెప్తె జాలి పడ్తురు. జాలి మీద తాళం నిలువది" అన్నాడు. తర్వాత, "చాయ్ల షక్కర మరిచినవు" అన్నాడు.

నేను ఏడవలేదు. లోపలికెళ్ళి చక్కెర డబ్బా తెచ్చాను.

నేర్చుకోవడం కష్టమైంది. నా వేళ్ళు సుద్దముక్కకు అలవాటు పడ్డవి, తీగకు కాదు. మొదటి నెలంతా కొసలు బొబ్బలెక్కాయి. ఆయన పాఠం విచిత్రంగా ఉండేది. నేను వాయిస్తుంటే స్పీకరు పెట్టె మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. వేలు ఒక్క క్షణం ఆలస్యమైనా ఆ అరచేతికి తెలిసిపోయేది. నేను ఖాళీ కనిపించిన చోటల్లా స్వరాలు నింపుతుంటే పెట్టె మీద తట్టి ఆపేవాడు. "పాడేటోళ్ళకు ఊపిరి తీసుకునే జాగ ఇయ్యవా? నువ్వు పాడినదానివే గదా" అనేవాడు. బాగుంది అని ఎన్నడూ అనలేదు. కుదిరినప్పుడు "నడుస్తది" అనేవాడు.

మోత చచ్చిన తీగలను పడేయనిచ్చేవాడు కాదు. జిడ్డు పోవడానికి నీళ్ళలో మరిగించేవాడు. దానికి వాళ్ళింట్లో ఉన్న పెద్ద గిన్నె ఒకటే. "గా గిన్నెల రేపు పప్పెట్ల వండాలె?" అని వదిన అరిచేది. ఆయనకు వినబడేది కాదు, లేదా వినబడనట్టు ఉండేవాడు. ఈ విషయంలో వదినకు ఎప్పుడూ అనుమానమే.

ఏడాదిన్నర తర్వాత సెంటినరీ కాలనీలో ఒక పెళ్ళి విందుకు ఫిట్టరన్నను వెంటబెట్టుకుని, మా ఆర్కెస్ట్రాలో వాయించడానికి నేను బేసు గిటారుతో వెళ్ళాను. పాడేది కొత్తమ్మాయి, నర్సింగ్ చదువుతోంది. ఒకప్పటి నా పాటలే. పొద్దున సామాను దించుతుంటే, అందరి ముందూ మాస్టారికి జరిగిందంతా చెప్పాను. ఫిట్టరన్న చెవుల సంగతి, నేను చేసిన ఫిర్యాదు, వేదిక సంగతి. ఫిట్టరన్నకు నచ్చలేదు. "గదంత ఇప్పుడెందుకు చెల్లె" అని విసుక్కున్నాడు. మాస్టారు ఆయన చెయ్యి పట్టుకుని, మళ్ళీ వచ్చి వాయించమన్నాడు. "ఒక్క గుంతకు ఒక్క పంపు జాలు సార్. ఇది మంచిగనే తోడుతుంది" అని ఫిట్టరన్న నన్ను చూపించాడు.

నా స్టాండును ఆ అమ్మాయి ముఖం కనిపించే చోటికి జరుపుకున్నాను. ఆమె ఊపిరి తీసుకోవడం చూసి ఆగాను, పెదవి విప్పడం చూసి కదిలాను. ఫిట్టరన్న పక్కన కుర్చీ వేసుకుని, పెట్టె మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అన్నం వడ్డిస్తున్నారని పిలిచినా లేవలేదు.

ఇది ఆరేళ్ళ కిందటి మాట. ఆ తర్వాత ఎన్ని కార్యక్రమాలు చేశానో లెక్క పెట్టుకోలేదు. ఆయన ఊపిరితిత్తులు మాత్రం ఏటేటా బలహీనపడ్డాయి. ఈ వేసవిలో దవాఖానలో చేర్చారు. ఆదివారం చూడటానికి వెళ్ళాను. నా పెదాలు ఆయనకు కనబడేట్టు మంచం చివర నిలబడి మాట్లాడాను. ఆయన పెదాలు ఆక్సిజన్ మాస్కు కింద ఉన్నాయి, ఏమంటున్నాడో నాకు తెలియలేదు. మాస్కు పక్కకు జరిపాడు.

"ఎండలు ముదిరినయి. మెడ జూసినవా?"

"లేదన్నా."

"జూడు. తీగలు లేస్తయి."

నర్సు వచ్చి మాస్కు మళ్ళీ సర్దింది. సోమవారం సాయంత్రం చూశాను. ఆయన చెప్పినట్టే గిటారు మెడ వంగింది. సరిచేశాను. మంగళవారం బడి విడిచాక వెళ్ళి చెబుదామనుకున్నాను.

మంగళవారం సాయంత్రమే ఆయన్ని గోదావరి ఒడ్డుకు తీసుకెళ్ళాం. మా దగ్గర ఆడవాళ్ళు అక్కడిదాకా వెళ్ళడం తక్కువ. వదిన వస్తానంది, ఎవరూ కాదనలేదు. ఆమె పక్కన నేను నడిచాను. ఆయన తమ్ముడి కొడుకు తలకొరివి పెట్టాడు. వేసవి గోదావరి సన్నటి పాయలుగా చీలి ఉంది, ఇసుక మీద ఇంకా వేడి తగ్గలేదు. కర్మ కోసం తెచ్చిన ఇత్తడి చెంబు నిండా నీళ్ళతో ఇసుకలో పెట్టి ఉంది. దూరంగా వంతెన మీద బొగ్గు రైలు ఒకటి వచ్చింది. చాలా పొడవైనది, మెల్లగా నడుస్తోంది. గాలి అటు వీస్తుండటంతో చప్పుడు మా దాకా రాలేదు. చెంబులో నీళ్ళు మాత్రం అంచు నుంచి మధ్యకు సన్నటి వలయాలుగా వణకడం మొదలుపెట్టాయి. వదిన వాటినే చూస్తూ నిలబడింది. చివరి పెట్టె వంతెన దాటిపోయాక కూడా కాసేపు అవి అట్లాగే కదులుతూ ఉన్నాయి.