మా తమ్ముడి మీసం పోయిన రోజు

మా ఊరి కూడలిలో ఈమధ్య ఒక ఇనప బండిని దిమ్మె మీదికి ఎక్కించారు. పైన ఫిరంగి గొట్టం, పక్కన నున్నటి రాతి పలక. "ఈ ఊరి శాంతిని కాపాడిన బలం ఇదే" అని ఆ పలక మీద బంగారు రంగు అక్షరాలు. నా చదువు రెండో తరగతితో ఆగినా ఆ ముక్క కూడబలుక్కుని చదివాను. చదివి, మూతి తిప్పుకుని ఇంటికొచ్చాను.

అది అబద్ధమని నేననను. అయితే అది సగమే. మిగతా సగం ఆ కూడలికి కూతవేటు దూరంలో, ఒకే ఒక్క కుర్చీ ఉన్న సెలూన్‌లో ఉంది. ఆ కుర్చీ మా తమ్ముడిది. వాడికి ఎవరూ పలక వేయించలేదు కాబట్టి నేను రాస్తున్నాను. తోడబుట్టినది గొప్పలు చెప్పుకుంటోందని ఎవరైనా అంటే అననివ్వండి. ఉన్న గొప్ప చెప్పుకోక పెట్టెలో పెట్టి తాళం వేసుకోమంటారా?

మా తమ్ముడు మా నాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు. నాన్న మొదట్లో సొరకాయకు నురగ పట్టించి, తొక్క మీద గాటు పడకుండా నురగ ఒక్కటే తియ్యమనేవాడు. మేము చాలాకాలం గాట్లు పడ్డ సొరకాయలే తిన్నాం. చెయ్యి కుదిరాక ఒకరోజు నాన్న తనే కుర్చీలో కూర్చుని గడ్డం పైకెత్తాడు. "తెగితే నా గొంతే తెగుతుంది, నువ్వు భయపడకు," అన్నాడు. అలా ఎదుటివాడి గొంతు పట్టుకుని పని నేర్చుకున్నవాడు మా తమ్ముడు.

మనిషి రివటలా ఉండేవాడు గానీ మీసం మాత్రం ఇద్దరికి సరిపోయేది. దానికి నూనె పెట్టడం, దువ్వడం, కొసలు మెలితిప్పడం, అబ్బో, ఆ వైభోగం మా ఇంట్లో ఇంకెవరికీ జరిగేది కాదు. "మొదటిసారి చూసినప్పుడు గుమ్మంలోకి ముందు మీసం వచ్చింది, వెనకాల మనిషొచ్చాడు," అని మా మరదలు ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

మా ఊరు రెండు దేశాల సరిహద్దు మీద ఉంది. ఆ రెండూ కొట్టుకున్నాయి. కాల్పులు ఆగాక పెద్దవాళ్ళెవరో పటం మీద గీత గీశారు. ఆ గీత సరిగ్గా మా వీధి మధ్యలోంచి పోయింది. మా సెలూన్ ఇవతల, ఎదురుగా ఉన్న టైలరు కొట్టు అవతల. అంతకుముందు ఒకే దువ్వెనతో తల దువ్వుకున్న ఇద్దరు పరాయి దేశస్థులైపోయారు.

గీతకు కాపలాగా ఎక్కడో దూరదేశం నుంచి శాంతిసేన వచ్చింది. వాళ్ళ ఇనప బండి మా వీధి మొగలో నిలబడింది. ఆ బండికీ సైనికులకీ పెద్ద ఒక కెప్టెన్. మధ్యాహ్నం దాకా జనాన్ని గీత దాటనిచ్చేవాళ్ళు. తుపాకీ ఉన్నవాడు బండి పక్క బల్ల మీద దాన్ని పెట్టి రావాలి. దాటివచ్చేవాళ్ళు ఎక్కువమంది ఎందుకొచ్చేవాళ్ళనుకున్నారు? గడ్డం గీయించుకోవడానికి! అవతలి సెలూన్ ఆయన మొదటి గుండు పేలగానే మూటాముల్లె సర్దుకుని పోయాడు. మా తమ్ముడు పోలేదు. "గడ్డాలు పెరగడం యుద్ధంతో ఆగుతుందా అక్కా?" అన్నాడు.

వాడి సెలూన్‌లో ఒక పద్ధతి ఉండేది. బెంచీ మీద ఒకే వైపువాళ్ళు ఇద్దరు పక్కపక్కన కూర్చోకూడదు. ఇవతలివాడి పక్కన అవతలివాడు, వాడి పక్కన మళ్ళీ ఇవతలివాడు. "ఒకవైపువాళ్ళిద్దరు కలిస్తే గుసగుసలు పుడతాయి. ఇలా కూర్చోబెడితే ఎవడి చెవిలో గొణుగుతాడు?" అనేవాడు. మొదట్లో మొహాలు ముడుచుకునే కూర్చునేవాళ్ళు. పోనుపోనూ పంటినొప్పుల గురించీ, కారే కప్పుల గురించీ మాట్లాడుకోసాగారు. నేను వెనక గదిలో నీళ్ళు కాచి, తువ్వాళ్ళు ఉతికిచ్చేదాన్ని. అన్నీ నా చెవిన పడేవి.

కెప్టెన్ మాత్రం ఒక్కనాడూ ఆ కుర్చీలో కూర్చోలేదు. మా మాట వచ్చీరానట్టు నేర్చుకున్నాడు, మర్యాదస్తుడే. కానీ తన మనుషులెవరూ ఇక్కడి కత్తి కింద గొంతు పెట్టకూడదని ఆర్డరు. బండి అద్దంలో చూసుకుని తనే గీసుకునేవాడు. ఏ రోజు చూసినా గడ్డం మీద గాట్లు, వాటి మీద అతికించిన కాగితం ముక్కలు.

"ఒక్కసారి కూర్చోండి సార్, పెళ్ళికొడుకులా చేసి పంపుతా," అనేవాడు మా తమ్ముడు.

"ఆర్డరు," అనేవాడు కెప్టెన్, కాగితం ముక్క తడుముకుంటూ.

అలా ఉండగా ఒకరోజు పెద్దమీసం వచ్చాడు. అవతలి సైన్యపు కాపలా పోస్టుకు పెద్ద అతను. అందరూ పిలిచేది పెద్దమీసం అనే. మా తమ్ముడి మీసానికి పోటీ ఆ రెండు దేశాల్లోనూ ఏదైనా ఉందంటే అదే. చెవుల దాకా పాకి, అక్కడ వెనక్కి తిరిగేది. అన్నాళ్ళూ ఎవరినీ దాన్ని ముట్టనివ్వలేదట. మర్నాడు కూతురి పెళ్ళి, అంచులు సరిచేయించుకుందామని దిగివచ్చాడు.

"ఏమోయ్, నీ మీసం చూసే వచ్చాను. పెంచినవాడికే దీని విలువ తెలుస్తుంది," అన్నాడు.

"తెలుసన్నా. కళ్ళు మూసుకో. తెరిచేసరికి పెళ్ళికూతురి తండ్రివి కాదు, పెళ్ళికొడుకువే అయిపోతావు."

బెంచీ అంతా నవ్వింది. పెద్దమీసం కూడా నవ్వి కళ్ళు మూసుకున్నాడు. మా తమ్ముడు కత్తి తోలుపట్టీ మీద నూరి, ఊపిరి బిగబట్టి కుడివైపు అంచు మీద పెట్టాడు.

సరిగ్గా అప్పుడే వీధి మొగలో ఇనప బండి ఢామ్మంది. దాని ఇంజనుకు పొద్దుటిపూట దగ్గు మామూలే. ఆ రోజు దగ్గు కాదు, పేలుడే. యుద్ధం చూసినవాళ్ళం, ఆ చప్పుడుకి అందరం ఉలిక్కిపడ్డాం. మా తమ్ముడి చెయ్యీ ఉలిక్కిపడింది. పెద్దమీసం కుడివైపు మీసం ఊడి, చచ్చిన చుంచెలుకలా తువ్వాలు మీద పడింది.

అతను కళ్ళు తెరిచి అద్దంలోకి చూశాడు. ఉన్నవైపు తడుముకున్నాడు, లేనివైపు తడుముకున్నాడు. అంతటితో ఏదోలా సర్దుకునేదేమో. కానీ బెంచీ మీదున్న మావైపు కోడిగుడ్లవాడు కిసుక్కున నవ్వాడు.

అంతే. అవతలివాళ్ళు లేచి నిలబడ్డారు. ఇవతలివాళ్ళూ లేచారు. గుమ్మంలో ఉన్నవాడొకడు "మా పెద్దాయన మీసం గొరిగేశారు!" అని అరుస్తూ గీత వైపు పరిగెత్తాడు. వీధికి రెండువైపులా మేడల మీద మనుషులు లేచారు. వాళ్ళ దగ్గర తుపాకులున్నాయి. మేడల మీదివాళ్ళు బల్ల మీద పెట్టి వచ్చేవాళ్ళు కారుగా!

"కావాలనే చేశావు! నా కూతురి పెళ్ళికి ఈ మొహంతో పంపాలని నీకెవడు చెప్పాడు?" అని కుర్చీలోంచే గర్జించాడు పెద్దమీసం.

"బండి పేలిందన్నా, చెయ్యి అదిరింది."

"ఇన్నేళ్ళూ అదరని చెయ్యి నా మీసం దగ్గరే అదిరిందా?"

బయట ఇనప బండి గొట్టం గిర్రున తిరిగి మా సెలూన్ వైపు చూసింది. "అందరూ చేతులు పైకెత్తి బయటికి రండి!" అని మైకులో కెప్టెన్ గొంతు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ సగం మీసంతో, చేతులు పైకెత్తి, రెండు దేశాలవాళ్ళ ముందుకు పెద్దమీసం వెళ్తాడా? చచ్చినా పోడు. పోకపోతే సైనికులు లోపలికొస్తారు. వాళ్ళొస్తే మేడల మీదివాళ్ళు కాలుస్తారు. ఇక ఆ గొట్టం పేలితే ఎవరి మీద పేలుతుంది? లోపల ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఒకడి భుజానికి ఒకడి భుజం తగులుతూ ఉన్నారాయె.

నాకు తోచింది నేను చేశాను. ముందు తలుపు మూశాను, ఆ సగం మీసం వీధిన పడకుండా. తర్వాత చేతిలో ఉన్న తడి తువ్వాలుతో కోడిగుడ్లవాడి మూతి మీద ఒక్కటి ఇచ్చాను. "ఇంకోసారి పళ్ళు కనిపించాయంటే మంట మీద నీళ్ళున్నాయి, జాగ్రత్త!" అన్నాను. నోరు మూసుకున్నాడు. అప్పుడు మా తమ్ముడి వైపు తిరిగి, "ఒరేయ్, ఏదో ఒకటి చెయ్యరా!" అన్నాను.

వాడు కత్తి పైకెత్తాడు. అవతలివాడొకడు ముందుకు దూకబోయాడు. మా తమ్ముడు కత్తిని తిప్పి, పిడి వైపు పెద్దమీసం చేతిలో పెట్టాడు.

"కాస్త లే అన్నా."

అతను అయోమయంగా లేచాడు. మా తమ్ముడు కుర్చీలో కూర్చుని, తువ్వాలు తనే చుట్టుకుని, మీసానికి నురగ పట్టించుకున్నాడు. మా నాన్న కూర్చున్నట్టే కూర్చుని గడ్డం పైకెత్తాడు. "నాదీ తియ్యి. తెగితే నా గొంతే, నువ్వు భయపడకు," అని కళ్ళు మూసుకున్నాడు.

మా తమ్ముడి గొంతు మీద శత్రు దేశపు పోస్టు పెద్ద చేతిలో కత్తి. బయట అంత పెద్ద ఫిరంగి ఉండి ఏం లాభం? ఆ కత్తికీ ఆ గొంతుకీ మధ్య దాన్ని దూర్చగలరా ఎవరైనా?

పెద్దమీసం వంగి కత్తి ఆనించాడు. తుపాకీ పట్టిన చెయ్యే గానీ మరో మనిషి మొహం మీద కత్తి ఎప్పుడూ పెట్టలేదు. ఒక గీత గీశాడు. ఇంకో గీత. మూడోది పై పెదవి మీద దిగి, నురగంతా ఎర్రబడింది. మా తమ్ముడు కదల్లేదు.

"అయ్యో! అయ్యయ్యో! అమ్మా, పటిక! పటికెక్కడ పెడతారు?" అని కత్తి అవతల పడేసి, ఆ పెద్దమనిషి మా అరల్లో దేవులాట మొదలుపెట్టాడు. యుద్ధం చేసినవాడు ఆ కాస్త రక్తానికి కంగారుపడ్డాడు. నేనే పటికబిళ్ళ తీసి అందించాను. దాన్ని తడిపి మా తమ్ముడి పెదవి మీద అదిమిపట్టి, "మండుతోందా? మండుతోందా?" అని చిన్నపిల్లాడిని అడిగినట్టు అడుగుతున్నాడు.

అప్పుడే కెప్టెన్ తలుపు తోసుకుని తుపాకీతో లోపలికొచ్చాడు. వచ్చి, చూసి, ఎవరికి గురిపెట్టాలో తెలియక నిలబడిపోయాడు.

"ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు బాబూ," అన్నాను నేను. "ముందు నీ బండికి దగ్గు మందు పట్టించు."

మా తమ్ముడు లేచి, తన మీసంలో మిగిలింది తనే తీసేసుకుని, పెద్దమీసాన్ని మళ్ళీ కూర్చోబెట్టి ఆ రెండోవైపూ తీసేశాడు. ఈసారి చెయ్యి అదరలేదు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి అద్దంలో చూసుకున్నారు. "తొక్క తీసిన గుడ్డులా ఉన్నావోయ్," అన్నాడు పెద్దమీసం. "నువ్వు రెండు గుడ్లలా ఉన్నావన్నా," అన్నాడు మా తమ్ముడు. ముందు పెద్దమీసమే నవ్వాడు. ఆ నవ్వుతోనే ఇద్దరూ కలిసి గుమ్మంలోకి వెళ్ళారు. వాళ్ళ బోడి పెదవులు చూసి మేడల మీదివాళ్ళు ఒక్కక్షణం నోళ్ళు తెరిచారు, తర్వాత కడుపు పట్టుకుని నవ్వారు. అలా నవ్వేవాడు గురి చూడలేడు.

మర్నాడు కెప్టెన్ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "నా బండి అక్కడ లేకపోతే నిన్న మీ అందరినీ చంపేసేవాళ్ళు," అన్నాడు.

"నిజమే సార్. అది లేకపోతే నేనిక్కడ కుర్చీ వేసేవాణ్ణే కాదు," అన్నాడు మా తమ్ముడు. "అది లేకపోతే నా చెయ్యీ అదిరేది కాదు."

కెప్టెన్ గడ్డం మీది కాగితం ముక్క తడుముకుంటూ బండి వైపు వెళ్ళిపోయాడు. రెండూ నిజమే కదా!

పెద్దమీసం ఆ బోడి పెదవితోనే కూతురి పెళ్ళికి వెళ్ళి, ఎవరూ అడగకముందే తనే అందరికీ కథ చెప్పుకున్నాడట. మళ్ళీ నెలలోనే కత్తిరింపుకి వచ్చాడు, ఆ తర్వాత ఎప్పుడూ మానలేదు. అతని మీసం అతనికి వచ్చింది. మా తమ్ముడికి ఆ గాటు పడ్డచోట వెంట్రుక మొలవలేదు. పెంచితే మధ్యలో కాలిబాట వేసినట్టుంటుందని మానేశాడు. కొందరికి గుండెల మీద పతకాలుంటాయి. మా వాడిది పెదవి మీద ఉంది, ఎవరూ ఊడబెరకలేరు.

కొన్నేళ్ళకు రెండు దేశాలూ రాజీపడ్డాయి, గీత చెరిగింది, శాంతిసేన వెళ్ళిపోయింది. పాడైన బండిని ఇక్కడే వదిలేశారు. దాన్నే ఇప్పుడు దిమ్మె ఎక్కించారు.

పలక మీది తెర తీయడానికి ఆ కెప్టెన్‌నే పిలిపించారు. ఆ పొద్దున, చేతికర్రతో, తెల్లబడ్డ తలతో ఆయన సూటిగా మా సెలూన్‌కే వచ్చాడు.

"అమ్మా, గుర్తుపట్టావా?"

"గడ్డం మీద గాట్లు అలాగే ఉన్నాయిగా బాబూ, గుర్తుపట్టక!"

ఆయన నవ్వి, మెల్లగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. అన్నేళ్ళూ తను కూర్చోనన్న కుర్చీ. "చెయ్యి అదరదు కదా?" అన్నాడు.

"మీ బండిని దిమ్మె ఎక్కించారుగా సార్, ఇక దగ్గదు," అన్నాడు మా తమ్ముడు.

కెప్టెన్ తల వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకున్నాడు.

సభవాళ్ళు మనిషిని పంపారు. మళ్ళీ పంపారు. "నురగ మీదున్న మనిషిని లేపను," అని మా తమ్ముడు వాళ్ళను గుమ్మంలోంచే తిప్పి పంపాడు. కూడలిలో పెద్దపెద్దవాళ్ళంతా ఆ ఇనప బండి చుట్టూ ఎండలో నిలబడ్డారు. ఇంకాస్త నిలబడనీ అని, నేను నీళ్ళు మళ్ళీ పొయ్యి మీద పెట్టాను.