కొమురమ్మ ఇల్లు, రెండు చానళ్లు

ఉదయం ఆరున్నరకు సికింద్రాబాద్‌లో రైలెక్కాను. పన్నెండింటికల్లా నర్సంపేట అవతల మా ఊరి పంచాయతీ ఆఫీసులో ఉండాలి. వరదలో కూలిన ఇళ్ల జాబితాపై ఆ రోజే ఆఖరి విచారణ. అందులో కొమురమ్మ పేరు లేదు. కారణం నేను.

వరద మర్నాడు ఊళ్లోనే ఉన్నాను. టీవీవాళ్లు కొమురమ్మ కూలిన ఇంటి ముందు మైకు పెడితే, ఆమె నోరు తెరిచేలోపే నేను ముందుకు వచ్చాను. ఊరి తరఫున మా తాత మాట్లాడేవారు, తర్వాత నాన్న. భూములు పోయాయి, దొరల కోటలాంటి మా గడి పైకప్పు పోయింది, ఆ అలవాటు పోలేదు. "పడవ రాలేదు, ఎవరూ పట్టించుకోలేదు" అన్నాను. తెల్లారాక అధికారులు బియ్యం పంచిన సంగతి వదిలేశాను. ప్రతిపక్షం వైపు చానల్ ఆ మాటను కొమురమ్మ ముఖం పక్కన రాసి రోజంతా తిప్పింది. ప్రభుత్వం వైపు చానల్ ఆమె బియ్యం సంచి మోస్తున్న దృశ్యం చూపి అబద్ధాలకోరు అంది. వారానికి జాబితా వచ్చింది, ఆమె పేరు లేకుండా.

స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎక్కిన ఇద్దరు రైతులు ఎదురుగా కూర్చుని ఫోన్లు చూస్తున్నారు.

"నా దాంట్ల సర్కారు పండుకున్నదంటాండు."

"నా దాంట్ల మంత్రి మోకాళ్లలోతు నీళ్లల్ల నడుస్తాండు. వాగైతే ఒక్కటేనాయె."

నేను కిటికీ వైపు తిరిగాను.

తొమ్మిదింటికి వరంగల్‌లో దిగి, ఇడ్లీ తిని, నర్సంపేట బస్సు పట్టుకున్నాను. కల్వర్టు తెగినచోట బస్సు మనిషి నడకన సాగింది. అటు వెళ్లేవారు గంట ముందే బయలుదేరాలి. నర్సంపేట నుంచి ఆటోలో ఆఫీసు చేరేసరికి పన్నెండుకు పది నిమిషాలు తక్కువ.

కొమురమ్మ గోడవారగా నిలబడి ఉంది. విచారణకు వచ్చిన అధికారి ఫోనులో పాత వార్త చూపించాడు. "టీవీల మమ్ముల తిట్టిందీమెనే గదా?"

ఆఫీసంతా నా వైపు చూసింది. అన్న మాట వెనక్కి తీసుకున్నవారు మా ఇంట్లో లేరు.

"ఆ మాట నాది. ఆమెను అడగలేదు. బియ్యం వచ్చాయని తెలిసే చెప్పలేదు."

"రాసిస్తరా?"

నిలబడే రాసి సంతకం చేశాను. "ఇక ఇంటి సంగతి..." అని మొదలుపెట్టబోయాను.

"చిన్నదొరా, నువ్వు జర ఊకో," అంది కొమురమ్మ. "నా ముచ్చట నేను చెప్త. సారూ, రాత్రి పడవ రాలే. పొద్దుగాల బియ్యమిచ్చిన్రు. ఇల్లు కూలింది. మూడూ నిజమే."

అధికారి కాగితాలు తిరగేశాడు. సాయంత్రంలోగా వచ్చి ఇల్లు చూస్తానన్నాడు.

బయట ఒక విలేకరి నా ముందుకు మైకు చాపాడు. పక్కకు జరిగాను. మైకు ఆమె వైపు తిరిగింది.

"ఒక్క ముక్కల చెప్పమ్మా. సర్కారు వచ్చిందా, రాలేదా?"

"ఒక్క ముక్కల చెప్తే నీకు పనికొస్తది బిడ్డా. నాకు రాదు."

అతను మైకు ఆపేశాడు.

అయిదింటి రైలు వరంగల్‌లో ఎక్కాను. రెండు చానళ్లూ వెతికాను. విచారణ గురించి రెండింటిలోనూ ఒక్క ముక్క లేదు. ఎవరి మీదా విసరడానికి పనికిరాని నిజానికి అక్కడ చోటు లేదని అనిపించింది. కాజీపేట దాటాక కొమురమ్మ ఫోన్ చేసింది.

"ఇల్లు కొలుసుకపోయిన్రు. పేరు రాసుకున్నరు. ఫికర్ చెయ్యకు."

"మంచిది."

"మల్ల టీవీవోళ్లొస్తే మాత్రం నువ్వు ఇంట్లనే కూసో, దొరా."

సరేనన్నాను.