సినిమా గోడకు నీలం కలిపింది నేనే

మా ఉప్పుగూడ బస్తీ సినిమా హాల్లో మొదటి ఆట పాడు చేసింది సున్నం వేసిన అన్న కాదు, నేను. ఈ మాట అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

హాలంటే ఒకప్పటి బర్రెల కొట్టం. పాల వ్యాపారం చేసే కుటుంబం బర్రెలను ఊరవతలికి తరలించాక ఖాళీగా పడి ఉండేది. మా బస్తీలో రోజు కూలీకి పోయేవాళ్లే ఎక్కువ. ఇంటిల్లిపాదీ టికెట్లు కొని థియేటర్‌కు పోయే స్తోమత ఎవరికీ లేదు. అందుకే ఆదివారం మధ్యాహ్నాలు ఉచితంగా సినిమాలు వేద్దామని నేను ముందుండి, కొందరం పూనుకున్నాం. ఒక లెక్చరర్ తన పాత ప్రొజెక్టర్ ఇచ్చి, తానే నడుపుతానన్నాడు. చర్చివాళ్లు జంబుఖానాలు పంపారు. ఆడవాళ్లు పేడ వాసన పోయేదాకా నేల కడిగారు. తెర కొనలేక వెనక గోడనే తెర చేసుకున్నాం. మా బస్తీలో ఇళ్లకు సున్నాలు వేసే అన్న ఆ గోడకు పైసా తీసుకోకుండా రెండు పూతలు వేసి, పని ముగించుకుని వెళ్లాడు.

మా ఇళ్లలో సున్నం మెరవడానికి కాస్త నీలిమందు కలుపుతారు. ఇంకో పూత పడితే బొమ్మ ఇంకా బాగుంటుందనుకుని, ఎవరూ లేనప్పుడు మిగిలిన సున్నంలో నీలిమందు పొట్లమంతా గుమ్మరించి గోడకు పూశాను. ఆ చీకటి కొట్టంలో నాకు తెల్లగానే కనిపించింది.

మొదటి ఆటలో పెళ్లి సీను వచ్చేసరికి మొహాలన్నీ నీలంగా కనిపించి గొడవ మొదలైంది.

"పెండ్లికొడుకును పాము కరిచిందా ఏందే?"

"అందరు సచ్చి లేసొచ్చినట్టున్నరు!"

లెక్చరర్ ఒక తెల్ల దుప్పటి అడ్డం పట్టించి చూశాడు. దాని మీద రంగులు సరిగ్గానే ఉన్నాయి. అందరూ అన్న వైపు తిరిగారు.

"నేను నీలం ఎయ్యలే భాయ్, ఒట్టు."

"మరి గోడకు దానంతల అదే వచ్చిందా?"

అందరూ నన్ను చూశారు. "పోనియ్యిండ్రి, తప్పులైతయి" అన్నాను. నా తప్పుకు ఆయన్ని క్షమించాను.

గోడకు మళ్లీ తెల్ల రంగు వేశాం. ఆ తర్వాత హాలు ఆగింది లేదు. సాయంత్రం పాలు పిండే వేళకు ఆట ముగించేవాళ్లం కాబట్టి పాలవాళ్లూ వచ్చేవారు. పక్క గల్లీ నుంచి బుర్ఖాల్లో ఆడవాళ్లు పిల్లలతో వచ్చి ముందు వరుస పట్టేవారు. లోపల చోటు చాలక కొందరు కిటికీల దగ్గర నిలబడేవారు. కార్వాన్ బస్తీ నుంచి కొందరొచ్చి, తామూ ఇలాంటిది పెట్టుకుంటామని అన్నీ అడిగి తెలుసుకున్నారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

అన్న మాత్రం రాలేదు. పండగకు సున్నాలు వేయించుకునేవాళ్లు కూడా ఆయన్ని పిలవడం మానేశారు.

ఒక ఆదివారం ఆయన భార్య వచ్చింది. ఒకామె, "మీ ఆయన్ని గూడ తోల్కరాకపోతివి, మమ్మల్నందర్ని నీలం జేస్తుండె" అంది. అందరూ నవ్వారు. ఆమె సినిమా సగంలో లేచి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను.

"అన్నా, ఆ నీలం కలిపింది నేను."

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వా? తప్పులైతయి అన్నది గూడ నువ్వే కదరా!"

"అవునన్నా."

"నాకు చెప్తే ఏమొస్తది? లొల్లి యాడైందో ఆడ చెప్పు."

ఆదివారం భార్యాభర్తలిద్దరూ వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డారు. హాలు కిటకిటలాడుతోంది. ఆట మొదలయ్యే ముందు గోడ దగ్గర నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. వెనక నుంచి ఎవరో, "అరె, దొంగ నువ్వా భాయ్!" అని అరిచారు. హాలంతా గొల్లుమంది. "అన్నా, ముందలికి రా!" అంటూ ఈలలు. పోయినసారి ఎగతాళి చేసిన ఆమే జరిగి, ఆయన భార్యకు తన పక్కన చోటిచ్చింది. జనం దారి ఇస్తుంటే అన్న నా దగ్గరిదాకా వచ్చాడు.

ఈలలు ఆగేదాకా ఆగి, అందరికీ వినపడేలా అన్నాను.

"అన్నా, నీ పని మంచిగనే ఉండె. చెడగొట్టింది నేను, మాట పడ్డది నువ్వు. నన్ను మాఫ్ చెయ్యి."