టవలు కింద చెయ్యి

దయ్యాలను నమ్మడానికి నాకెప్పుడూ తీరిక దొరకలేదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ దయ్యం కథ చెబుతుంటే, మంచి పట్టులో ఉండగా ఆకలేస్తోందని లేచిపోయిన పిల్లను నేను. ఉద్యోగంలో చేరాక అసలే కుదరలేదు. నేను అనంతపురంలో ప్రొబేషన్ అధికారిని. కేసుల్లో ఇరుక్కున్న పిల్లల ఇళ్లకు పోయి, వాళ్లెందుకట్లా చేశారో, ఇంటికి పంపితే దారిలో పడతారో లేదో తెలుసుకుని బాలల న్యాయ మండలికి చెప్పడం నా పని. కళ్లారా చూసింది వేరుగా, ఎవరో చెప్పింది వేరుగా రాయాలి. ఇదీ అట్లాగే చెబుతాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

ముందు రంగప్ప సార్ గురించి చెప్పాలి. ఆయన సంగతి తెలియకపోతే ఇది అర్థం కాదు. అదీగాక ఆయన గురించి మాట్లాడటం నాకిష్టం.

నాకు ఈ పని నేర్పింది ఆయనే. పిల్లవాడి కేసు సంగతి ఊళ్లో పొక్కకూడదని చట్టం చెబుతుంది. చట్టానికేం, చెబుతుంది. మా దిక్కు పల్లెల్లో కొత్త మనిషి కనబడితే చాలు, ఊరి నడిమి చెట్టు కింద కట్ట మీద కూర్చున్నవాళ్లంతా ఎవరప్పా, ఎవరింటికప్పా, ఏం పనప్పా అని ఆరా తీస్తారు. జీపులో పోయామా, సాయంత్రానికి ఆ ఇంటి పరువు బజారున పడ్డట్టే. అందుకని సార్ గొర్రెల బేరగాడిలా పోయేవాడు. బండి రోడ్డు దగ్గరే వదిలేసి, భుజాన టవలు వేసుకుని, దుమ్ములో నడుచుకుంటూ.

గొర్రెల బేరం ఎట్లా జరుగుతుందో తెలియనివాళ్లకు చెబుతాను. కొనేవాడు, అమ్మేవాడు చేతులు కలిపి పైన టవలు కప్పుకుంటారు. ధర నోటితో చెప్పరు, టవలు కింద వేళ్లు పట్టి చెబుతారు. ఆ టవలు కప్పి ఉన్నంతసేపు ఎవరూ దగ్గరికి రారు, పలకరించరు. అది మర్యాద. సార్ ఆ మర్యాదను వాడుకున్నాడు. తండ్రి చేతిని టవలు కింద పట్టుకుని, మెల్లగా కొడుకు గురించి మాట్లాడేవాడు. ఊరంతా చూస్తుండగానే, ఒక్కరికీ తెలియకుండా. తండ్రి కళ్లనీళ్లు పెట్టుకుంటే, పాపం ధర గిట్టలేదేమో అనుకునేవారు చూసేవాళ్లు.

ఆయన కుడిచేతి చిటికెన వేలు వంగేది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడు పారిపోబోతూ జీపు తలుపు వేస్తే అందులో పడి నలిగింది. తనే చూసుకోకుండా తలుపు వేసుకున్నానని పైవాళ్లకు చెప్పి, వాడి మీద ఇంకో కేసు పడకుండా కాపాడాడు. ఆ పిల్లవాడు ఇప్పుడు బత్తలపల్లెలో పంక్చర్ల కొట్టు నడుపుతున్నాడు.

ఆ వేలితో తిప్పలూ ఉండేవి. బేరంలో ఆయన ఎంత పట్టినా ఆ వేలు నిటారుగా నిలబడి ధర పెంచేసేది. ఒకసారి ఎవరో పెద్దాయన సంబరపడి సరేననేశాడు. ఇచ్చిన మాట తప్పలేక సార్ గొర్రెను తోలుకొచ్చాడు. అది చాలాకాలం మా ఆఫీసు వెనకాలే మేసింది. వాళ్లావిడ తిట్టిన తిట్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం.

పోయిన ఎండాకాలంలో సార్ గుండెపోటుతో పోయాడు. పాడె మోసినవాళ్లలో బత్తలపల్లె పంక్చర్లవాడూ ఉన్నాడు. ఇది నేను చూసింది. ఆయన చితికి నిప్పు పెట్టేదాకా అక్కడే ఉన్నాను.

ఆ తర్వాత వానలు రాని ఆషాఢంలో సీనా కేసు నాకొచ్చింది. అది వాడి అసలు పేరు కాదు. కంబదూరు దగ్గర పల్లె వాడిది. పెద్దవాళ్ల జట్టులో చేరి రాప్తాడు పక్క తోటల్లో బోరుబావుల మోటార్ల తీగెలు కోస్తూ దొరికిపోయాడు. తల్లి లేదు. తండ్రి, చిన్న చెల్లెలు. నాలుగు గొర్రెలు, ఎండిపోయిన బోరు.

తండ్రి వచ్చి పూచీ రాసిస్తే మండలి వాణ్ని ఇంటికి పంపుతుంది. రాకపోతే దూరంగా ఉన్న ప్రత్యేక గృహానికి. అక్కడ తిండికీ చదువుకూ లోటుండదు. కానీ ఎవరూ వద్దన్న పిల్లవాడిగా పోతాడు. అట్లా పోయినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఎట్లా ఉంటారో నేను చూశాను. అందుకే నాకంత ఆదుర్దా.

పింఛన్ల సర్వే అని చెప్పుకుని ఆ ఇంటికి పోయాను. తండ్రి దొడ్లో గొర్రెలకు నీళ్లు పెడుతున్నాడు. నా మొహం కూడా చూడలేదు.

“వాడు బెంగళూర్లో బేకరీలో ఉండాడని ఊర్లో చెప్పినా. అట్లే ఉండనీ మేడమ్. బోరు తీగె కోసినోడు రైతు కొడుకెట్లయితాడు? వాడు నాకు సచ్చినాడు.”

ఇంకోసారి పోయాను. ఈసారి ఇంట్లోకే రానివ్వలేదు. గోడ మీంచి కట్ట మీదివాళ్లు చూస్తుంటే గట్టిగా మాట్లాడలేను, మెల్లగా మాట్లాడితే వినడు. ఆడదాన్ని, గొర్రెల బేరమంటే ఎవరు నమ్ముతారు? తిరిగొస్తూ బస్సులో రంగప్ప సార్ మీద కోపమొచ్చింది. ఇంకొన్నాళ్లు ఉండి ఉంటే ఆయన సొమ్మేం పోయేది అనిపించింది. ఏడుపూ వచ్చింది.

ఆ ఆదివారం సీనాను చూడటానికి పరిశీలన గృహానికి వెళ్లాను. విచారణ పూర్తయ్యేదాకా పిల్లల్ని ఉంచేది అక్కడే. పిల్లలు అన్నానికి కూర్చున్నారు. సీనా రాగి సంగటిలోంచి మొదటి ముద్ద తీసి కంచం అంచున పెట్టి, మిగిలింది తిన్నాడు. అదెందుకని తర్వాత పక్కకు పిలిచి అడిగాను. సిగ్గుపడ్డాడు.

“మొదటి ముద్ద మా పాపకు పెడతాంటి మేడమ్. చెయ్యి అట్లే పోతాది.”

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మండలిలో చెబుదామని మనసులో పెట్టుకున్నాను, అంతే.

మండలి కూర్చునే ముందు రోజు ఆఖరి ప్రయత్నంగా మళ్లీ బయల్దేరాను. కంబదూరులో బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. టీకొట్టు నీడలో సీనా వాళ్ల నాయన నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా, పక్కన కూతురు. నన్ను చూడగానే ఎదురొచ్చాడు.

“మీ కోసరమే అనంతపురం బస్సుకు నిలబడినా మేడమ్. రేపు యాడికి రావల్ల?”

ఎండదెబ్బ తగిలింది నాకో ఆయనకో అర్థం కాలేదు. కూర్చోబెట్టి టీ ఇప్పించాను. అప్పుడు చెప్పాడు.

“నిన్న పొద్దున గొర్రెల బేరగాడొచ్చినాడు. టవలు కప్పి నా చెయ్యి పట్టుకున్న్యాడు. పట్టుకున్నాక గొర్రెల మాటే ఎత్తల్యా. నీ కొడుకు ఈ పొద్దుటికీ మొదటి ముద్ద పక్కన పెడతాండాడు, అది ఎవురికో నీకు తెల్సు గదా అన్న్యాడు. అంతే మేడమ్.” పాప టవలు అంచు పట్టుకుని లాగుతూ నాయన మొహంలోకి చూస్తోంది.

మనిషి ఎట్లా ఉన్నాడని అడిగాను.

“బేరంలో మొగం ఎవరు సూస్తారు మేడమ్? ఎదురెండ. చెయ్యి మాత్రం మెత్తన.”

చిటికెన వేలి సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మా పనిలో జవాబును అందించే ప్రశ్న అడగకూడదు. అది కూడా సార్ నేర్పిందే.

అయినా ఊరికే వదల్లేదు. ఆ సాయంత్రమే విచారించాను. కట్ట మీదివాళ్లు అవును, ఎవరో బేరగాడు వచ్చినాడు, బేరం కుదర్లేదేమో, ఒట్టి చేతుల్తో పోయినాడు అన్నారు. ఎటు నుంచి వచ్చాడో, ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. పరిశీలన గృహంలో వంటామెను అడిగితే ముద్ద సంగతి తనకు తెలియనే తెలియదంది. అక్కడి నుంచి ఆ ఊరికి ఎవరూ పోలేదు, ఫోనూ చేయలేదు. గొర్రెల బేరగాళ్లు మా దిక్కు రోజూ తిరుగుతూనే ఉంటారు. వాళ్లలో ఒకడే అనుకుందాం. మరి ఆ మాట వాడికెవరు చెప్పారు?

మర్నాడు మండలి ముందు తండ్రి పూచీ రాసిచ్చాడు. సీనాను ఇంటికి పంపమన్నారు. బయట ఆవరణలో తండ్రీకొడుకులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూడరు. చుట్టూ వేరే కేసుల జనం. కాసేపటికి తండ్రి భుజం మీది టవలు తీసి, కుడిచేత్తో కొడుకు చెయ్యి అందుకుని, పైన కప్పాడు.

నేను పక్కకు తప్పుకున్నాను. టవలు కప్పి ఉన్నప్పుడు దగ్గరికి పోకూడదు కదా. దూరం నుంచే చూశాను. తండ్రి పెదవులు కదల్లేదు. కొడుకు మాత్రం తల వంచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

వాళ్లను బస్సెక్కించడానికి బస్టాండుదాకా వెళ్లాను. సీనా కిటికీ పక్కన కూర్చుని చెల్లెలిని ఒళ్లో పెట్టుకున్నాడు. సీటు దొరక్క తండ్రి నిలబడ్డాడు. బస్సు కదలబోతుండగా సీనా కిటికీలోంచి తల బయటపెట్టి మెల్లగా అడిగాడు.

“మేడమ్, మా నాయన సిటికెన ఏలికి ఏమైంది?”

“ఏమైంది?”

“ఇందాక టవలు కింద సెయ్యి పట్టుకున్న్యాడు గదా. ఆ ఏలు వంగనే వంగల్యా. కట్టె మాదిరి ఉండె.”

నేను లోపలికి చూశాను. తండ్రి కుడిచేత్తో పైన రాడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అయిదు వేళ్లూ శుభ్రంగా వంగి, రాడ్డు చుట్టూ గట్టిగా బిగుసుకుని ఉన్నాయి.

బస్సు వెళ్లిపోయింది.

సీనా ఇప్పుడు కళ్యాణదుర్గంలో మోటారు రిపేరు నేర్చుకుంటున్నాడు. తీగె కోసిన చెయ్యి తీగె చుడుతోందని వాళ్ల నాయన నవ్వుతూ చెప్పాడు మొన్న. ఊళ్లో మాత్రం వాడు బెంగళూరు నుంచి వచ్చినట్టే లెక్క. ఆ రోజు వచ్చిన బేరగాడి వేలు సంగతి ఆయన్ని నేను ఇప్పటికీ అడగలేదు. అవునన్నా భయమే, కాదన్నా భయమే.

దయ్యాలున్నాయా అంటే ఇప్పటికీ లేవనే అంటాను. ఇది ఏమిటంటే మాత్రం చెప్పలేను. నా సంచిలో ఇప్పుడొక టవలు ఉంటుంది. ఆడది టవలు కప్పి బేరమేమిటని కట్ట మీది ముసలాళ్లు నవ్వుతారు. నవ్వనీ. కప్పేటప్పుడు కాస్త వదులుగా కప్పుతాను. ఇంకో చెయ్యి రావాలనుకుంటే చోటుండాలి కదా.