విప్పకూడని చక్రంతో సూర్యాపేటకు

మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు సొంత బండిలో వెళ్లదలచిన వారికి దారి సంగతి చెప్పే ముందు, మేమెందుకు బయలుదేరామో చెప్పాలి. మా చిన్నాయన అప్పు చేసి కొన్న కొత్త కారును మిర్యాలగూడలో కిరాయికి తిప్పుతాడు. ఏడాది వారంటీ ముగియకముందే ముందరి ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడు మొదలైంది. సూర్యాపేటలోని సర్వీసు కేంద్రానికి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ భాగాలు అరిగితే వారంటీ వర్తించదని మేనేజరు తేల్చేశాడు. కళాశాల చర్చావేదికల మీద ఇంతకంటే గట్టి ప్రత్యర్థులను చూసినదాన్ని; ఊరుకోలేదు. చూడకుండానే అరిగిందని ఎలా నిర్ణయించారని, ఏడాది నిండని బండిలో భాగం పాడైతే అది తయారీ లోపం ఎందుకు కాదని నిలదీశాను. చివరికి ఆయన దిగివచ్చాడు. శనివారం కంపెనీ ఇంజనీరు వస్తాడు, సాయంత్రం నాలుగు వరకే ఉంటాడు. షరతు ఒక్కటే: బయటి మెకానిక్ ఒక్క బోల్టు విప్పినా వారంటీ రద్దు. కిస్తీలు కడుతూ ఆ భాగాన్ని కూడా సొంతంగా కొనే స్తోమత చిన్నాయనకు లేదు.

నేరుగా సూర్యాపేటకు పోయే రోడ్డు గుంతలమయం కాబట్టి, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరి హైవే ఎక్కుదామని నేనే ప్రతిపాదించాను. చుట్టుదారే అయినా కుదుపులు తక్కువ. శనివారం ఉదయం ఏడింటికి బయలుదేరి, నెమ్మదిగా నడుపుకుంటూ హుజూర్‌నగర్‌లో టీ తాగేసరికి తొమ్మిది దాటింది. భయం ఆ తర్వాత పట్టుకుంది. మేళ్లచెరువు వైపు నుంచి సిమెంటు లారీలు వరుసగా ఎదురొస్తున్నాయి. ప్రతి లారీకీ రోడ్డు అంచు దిగాలి. దిగిన ప్రతిసారీ నా పాదాల కింద ఇనుము ఇనుమును ఒరుసుకుంటోంది.

“చిన్నాయనా, బండి ఎడమకు గుంజుతున్నది కదా?”

“గుంజుతలేదు. జర మాట్లాడకు బిడ్డా, చప్పుడు ఇననియ్యి.”

అబద్ధమని ఆయన చేతులే చెబుతున్నాయి. స్టీరింగ్‌ను రెండు చేతులతో కుడికి బిగబట్టి కూర్చున్నాడు.

కోదాడ ఇంకా రాకముందే ఒక కాలువ వంతెన వస్తుంది. దాని మధ్యకు చేరగానే కింద ఫట్‌మని మోగింది. కారు ముక్కు ఒక్కసారిగా పిట్టగోడ వైపు తిరిగింది. కిటికీలో రోడ్డు మాయమై నీళ్లు కనిపించాయి. వెనుక లారీ హారన్ చెవులు పగిలేలా మోగుతోంది. గోడకు మూరెడు దూరంలో కారు ఆగింది.  తలుపు పట్టుకొని దిగాను. చక్రం పైభాగం లోపలికి వాలిపోయి ఉంది.

వెనుక ఆగిన లారీ డ్రైవరు కోదాడ మనిషి, దిగుతూనే అందుకున్నాడు. “ఏం పెద్దాయనా, ఆడపిల్లను కూర్చోబెట్టుకొని కాలవలో దూకుదామనుకున్నావా? ఆ చక్రం చూడు, కాలు విరిగిన మేకలాగుంది! మెకానిక్‌ను పిలుచుకొస్తా ఉండు.”

“వద్దు. విప్పితె వారంటీ ఖతం అయితది.”

“వారంటీ బండికా, నీకా?”

చిన్నాయన మళ్లీ సీట్లో కూర్చున్నాడు. “మెల్లగ పోనిస్త. నాలుగింటికి ఆ సారు ఎల్లిపోతడు. ఎక్కు.”

తాళం చెవి లాగేసి పిడికిట్లో దాచుకున్నాను. “నేను ఎక్క. నిన్ను పోనియ్య.”

“గట్లయితె ఆ సామాను పైసలు నువ్వు కడ్తవా? చెప్పు, మాటలు బాగ నేర్చినవు కదా!”

 నీళ్లవైపు చూడకుండా ఉండేందుకు ఎదురుగా చూశాను. వంతెన దిగగానే ఒక రైస్ మిల్లు. దాని ముందు, బస్తాలు లారీలోకి ఎక్కించేందుకు లారీ ఎత్తున కట్టిన అరుగు, ఒక చివర ఎడ్లబండ్లు ఎక్కే వాలు. మిల్లుల ఊళ్లో పుట్టినదాన్ని, అలాంటి అరుగులు రోజూ చూసేదాన్ని. అడిగితే, తన లారీ ధాన్యం కోసం సూర్యాపేటకు ఖాళీగానే వెళ్తోందన్నాడు డ్రైవరు.

“అన్నా, బియ్యం ఎక్కినట్టు కారు ఎక్కదా?”

అతను నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. “బస్తా అయితే చెవులు పట్టి లేపుతారు. దీన్ని ఎక్కడ పట్టుకోమంటావమ్మా?” అంటూనే మిల్లులోకి వెళ్లి హమాలీలను పిలిచాడు. వాళ్లు చేతిలో ఉన్న లోడు ముగించుకొని వచ్చి, వెదుళ్లతో ముందు మూలను ఎత్తిపట్టి, కారును వంతెన దించి, వాలు మీదుగా అరుగు మీదికి, అక్కడి నుంచి లారీలోకి తోశారు. ఒక్క బోల్టూ కదల్లేదు. లారీ కిరాయి ఆరు వందలు, హమాలీలకు నూట యాభై. ఎక్కించి తాళ్లతో కట్టేసరికే రెండయింది. హైవే నున్నగా ఉన్నా, వెనుక తాడు కిర్రుమన్న ప్రతిసారీ చిన్నాయన ఉలిక్కిపడుతూనే ఉన్నాడు.

సూర్యాపేట చేరేసరికి మూడున్నర దాటింది. ఇంజనీరు అప్పటికే సంచి సర్దుకుంటున్నాడు. బ్రతిమాలితే లారీ ఎక్కి, టార్చి వేసి చక్రం వెనుక చాలాసేపు చూశాడు.  అతను “అరిగింది” అంటే చిన్నాయన ముఖం ఎలా చూడాలో తెలియలేదు.

“ఇది అరగలేదు, పగిలింది. పగులు లోపల పాత తుప్పుంది, తయారీలోనే వచ్చిన లోపం. మార్చి ఇస్తాం,” అన్నాడు. తర్వాత చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప కడ్డీని రెండు వేళ్లతో నెట్టాడు. అది ఊడి లారీ చెక్కల మీద పడింది. “దీన్ని ఎక్కడిదాకా నడిపారు?”

“కోదాడ దగ్గరి దాక, సార్,” అన్నాడు చిన్నాయన.

అతను ఊడిన ముక్కను ఎత్తి చిన్నాయనకు చూపించాడు. చిన్నాయన లారీలోనే కూలబడ్డాడు. “బిడ్డా, ఇంటికి బస్సుల పోదం,” అన్నాడు.

బస్సులో కిటికీ సీటు ఖాళీగా ఉన్నా నేను కూర్చోలేకపోయాను. మేనేజరుతో వాదన గెలిచాను, నిజమే. గెలిచిన ఆ వాదనను మోసుకుంటూ మేమిద్దరం వంతెన మధ్య దాకా వచ్చాం. మూరెడు దూరం మిగలకపోతే ఆ తీర్పు వినడానికి ఎవరూ ఉండేవారు కారు. విప్పవద్దని షరతు పెట్టినవారు, విప్పకుండా బండిని ఎలా చేర్చాలో ఎందుకు చెప్పరు? ఈ ప్రశ్నకు ఏ కంపెనీ ప్రతినిధి అయినా ఏ వేదిక మీదైనా నాకు జవాబివ్వాలి. ఇది రాస్తున్నప్పుడూ ఆ కిటికీలోని నీళ్లు కళ్ల ముందు కదులుతున్నాయి.

ప్రయాణికులకు ఒక్క సూచన: చప్పుడు ఒక చక్రం దగ్గరే వస్తూ స్టీరింగ్ అటే లాగుతుంటే బండిని అక్కడే ఆపి, చక్రం తిరగకుండా లారీలో చేర్చండి, ఆ కిరాయి ఎవరు భరించాలో కారు కొన్న రోజే కాగితం మీద రాయించుకోండి.