పరీక్ష రోజు మింగని గోలీ

శామీర్‌పేట దాటి లోపలికి వెళితే ఒక ఊరుంది. పేరు చెప్పను, అక్కడి దవాఖానను ఎవరూ తప్పు పట్టకూడదు. నేను తిరిగిన ఊళ్లలో చూసినవాటిలో అది మంచిదే. ఎక్కడికి వెళ్లినా దవాఖాన బయటి బల్ల మీద కాసేపు కూర్చోవడం నాకు అలవాటు. ఊరి సంగతులు అక్కడ తెలిసినంతగా టీ కొట్టులో కూడా తెలియవు. శైలజ నాకు పరిచయమైంది ఆ బల్ల దగ్గరే.

ఆమె ఆశా వర్కరు. నలభై రెండేళ్లుంటాయి. భర్త గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో పని చేస్తాడు. బీపీ, షుగరు మందులు వాడేవాళ్ల ఇళ్లు నలభై ఒకటి ఆమె చూసుకుంటుంది. నెలకోసారి రక్తపరీక్ష రోజున అందరినీ దవాఖానకు పిలుచుకొస్తుంది. బీపీ చూసేది కూడా ఆ రోజే.

వానలు వెనకబట్టిన రోజుల్లో బాలమల్లు చెరువులో పడ్డాడు. అరవై దాటిన మనిషి, చేపలు పట్టడమే బతుకు. పొద్దున వల ఎత్తుతుంటే కళ్లు తిరిగి థర్మాకోల్ తెప్ప మీంచి జారాడు. పక్క తెప్పవాళ్లు లాగి ఒడ్డుకు చేర్చారు. మత్స్య సంఘం పెద్ద అంజయ్య మరునాడే తేల్చి చెప్పాడు: "ఇగ ఒడ్డుకు కూసోని వలలు అల్లుకో మల్లన్నా. నీ పీనుగును నేను దేవులాడలేను."

బాలమల్లు మూడు రోజులు ఒడ్డునే వలలు అల్లాడట. నాలుగో రోజు వచ్చి శైలజ గడపలో కూర్చున్నాడు. "నన్ను మళ్ల తెప్ప ఎక్కియ్యి బిడ్డా. ఇంకేం అడుగ."

డాక్టరు చేయాల్సిన పని తన మీద పెట్టాడేమిటని ఆమె అనుకోలేదు. దవాఖాన నుంచి బీపీ మిషను అడిగి తెచ్చుకుని, నాలుగు రోజులు వరసగా అతని ఇంటికి వెళ్లింది. అన్నం తిని గోలీ వేసుకున్నాక చూస్తే పై అంకె వంద దాటలేదు. అతని కార్డు మీద మాత్రం గడిచిన మూడు నెలలూ నూట డెబ్బై అటూ ఇటూగా ఉంది. అందుకే గోలీ బలం నెలనెలా పెరిగింది.

డాక్టరు ఫణిభూషణ్‌ది గోదావరి వైపు. రోజూ యాప్రాల్ నుంచి వస్తాడు. శైలజ చెప్పిన అంకెలు విని, మిషనులో బ్యాటరీ అయిపోయి ఉంటుందన్నాడు. శైలజ బ్యాటరీ మార్చి మళ్లీ చూసింది, అంకె మారలేదు. అప్పుడు బాలమల్లును ఎదురుగా కూర్చోబెట్టుకుని, పరీక్ష రోజు నిద్ర లేచింది మొదలు ఏమేం చేస్తాడో వరసగా చెప్పమంది. అతను చెప్పుకుంటూ పోయాడు. ఎక్కడా గోలీ మాట రాలేదు.

"మరి బీపీ గోలీ?"

"తిన్నంకనే మింగాలె అని నువ్వే చెప్తివి. పరీక్ష నాడు తినకుండ రావాలె అని గూడ నువ్వే చెప్తివి. ఇగ నేను ఎట్ల మింగుత?"

శైలజ అతని కార్డు మళ్లీ తీసి చూసింది. నెలంతా మందు పడే ఒంటిని, మందు పడని ఒక్క పూట చూసి మోతాదు పెంచుతున్నారు. ఆ పెరిగిన మోతాదే మిగతా రోజుల్లో అతనికి కళ్లు తిరిగేలా చేసింది. మన పాత వైద్యులు మందు పుచ్చుకునే వేళలు పది దాకా చెప్పారు: అన్నానికి ముందు, అన్నం నడుమ, ముద్దకీ ముద్దకీ మధ్య అంటూ. ఎంత ఓపికో! అయినా, రెండు మాటల మధ్య ఇరుక్కున్న మనిషి వేళ ఆ పదిలో ఉన్నట్టు నాకు గుర్తులేదు.

ఆమె అక్కడితో ఆగలేదు. ఐదు రోజులు తిరిగి నలభై ఒక్క ఇళ్లలోనూ అదే ప్రశ్న అడిగింది. ఇరవై ఆరుగురు పరీక్ష రోజు గోలీ మానేస్తున్నారు. అందులో ఆమె అత్త కూడా ఉంది. "నన్నెవ్వరు అడిగిన్రే?" అందట ముసలామె, తప్పంతా కోడలిదే అన్నట్టు.

ఆ ఇరవై ఆరు పేర్లూ కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టింది. ఆయన పేర్ల పొడుగునా వేలు జరుపుతూ చదివాడు. "ఇన్నాళ్లూ నేను ఆ ఒక్క పూటకే వైద్యం చేశానండీ," అన్నాడు. బీపీ గోలీ పరీక్ష రోజు కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి, షుగరు గోలీ మాత్రం రక్తం ఇచ్చి తిన్నాకే అని చెప్పి, రెండింటికీ రెండు రంగుల కాగితాలు అచ్చు వేయిద్దామన్నాడు.

పక్కనే ఉన్న బాలమల్లు అడ్డం పడ్డాడు. "మేం లేసే యాళ్లకు రంగు కనవడది సార్. చీకట్ల వల ముడి చేతికే తెలుస్తది."

శైలజ ఆ మాట పట్టుకుంది. రవికె ముక్కలతో ఇంటికి రెండేసి సంచులు కుట్టింది. షుగరు గోలీల సంచికి మూతి దగ్గర ముడి, బీపీ సంచికి ముడి లేదు. పరీక్ష రోజు అది ముడితోనే దవాఖానకు రావాలి. మొదటి నెల ముగ్గురు ముడి విప్పేసి వచ్చారు. ఆ ముగ్గురి ఇళ్లకూ మళ్లీ వెళ్లి, ఏం తికమక పడ్డారో కనుక్కుంది.

ఆరు వారాలు పట్టింది బాలమల్లు మోతాదు మెల్లగా తగ్గడానికి. డాక్టరు చెరువులో దిగవచ్చన్నాడు, అదీ నెల రోజులు ఎవరైనా తోడుంటేనే. ఒక తెల్లవారుజామున చెరువు ఒడ్డున శైలజ అతని చేతికి బీపీ మిషను పట్టీ చుట్టింది. కూర్చోబెట్టి చూసింది, నిలబెట్టి చూసింది. నూట ఇరవై ఆరు. నిలబడితే నూట ఇరవై. అంజయ్య వంగి అంకెలు తనే చదువుకున్నాడు.

"ఇద్దరైతే పోన్రి," అన్నాడు.

"ఇరవై ఏండ్ల సంది ఒక్కన్నే పోతున్న," అని గొణిగాడు బాలమల్లు.

"అయితే ఒడ్డుకే ఉండు."

బాలమల్లు తెప్పను లోపలికి నెట్టి, ఎక్కి, ముందుకు జరిగి వెనక చోటిచ్చాడు. "ఎక్కు మరి. ఇంకెవ్వలొస్తరు నాతోని?"

అంజయ్య ధోవతి పైకి చెక్కి ఎక్కాడు. తెప్ప కదిలేదాకా ఉండి, శైలజ మిషను సంచిలో సర్దుకుని ఊళ్లోకి నడిచింది.